బీరువా నిండా బట్టలే, ఆఫీసుకు వేసుకోడానికి ఏమీ లేవు: జతల లెక్కతో సర్దుకోవడం

బీరువా తలుపు మూతపడనంత నిండుగా ఉన్నా, పొద్దున హడావిడిలో చేతికి ఏదీ అందకపోవడానికి కారణం చాలాసార్లు ఒకటే. అందులో ఉన్నవి విడివిడి బట్టలు, జతలు కావు. చీర బాగానే ఉంటుంది, దాని జాకెట్టు చంకల్లో బిగుసుకుపోయి ఉంటుంది. కుర్తా కొత్తదే, దాని కింద వేసుకునే ప్యాంటు మోకాళ్ల దగ్గర సాగిపోయి ఉంటుంది. బ్లేజరు ఉంది, లోపలికి చొక్కా లేదు. అందుకని ముక్కలు లెక్కపెట్టకండి, జతలు లెక్కపెట్టండి. చీర, జాకెట్టు, లంగా కలిస్తే ఒకటి. కుర్తా, ప్యాంటు, అవసరమైతే చున్నీ, పల్చటి గుడ్డయితే లోపలి స్లిప్పు కలిస్తే ఒకటి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆ జత విలువ సున్నా. బీరువాలో 60 బట్టలున్న మనిషికి ఈ లెక్కన 9 జతలే తేలడం వింతేమీ కాదు.

మొదలుపెట్టే ముందు

ఉతకాల్సినవి, ఇస్త్రీకి వెళ్లినవి, కుర్చీ మీద వేలాడుతున్నవి, సూట్‌కేసులో మిగిలిపోయినవి అన్నీ ఇంట్లోకి, ఒక చోటికి రావాలి. మనం నిజంగా వాడే బట్టలు ఎక్కువగా ఉండేది ఉతుకుల బుట్టలోనే. బీరువాలో మిగిలినవి మాత్రమే చూసి నిర్ణయాలు తీసుకుంటే వాడనివాటిలోంచి ఏరుకోవడమే అవుతుంది.

అంతా ఒక్క రోజులో మంచం మీద గుమ్మరించకండి. మధ్యాహ్నం దాటేసరికి ఓపిక అయిపోతుంది, రాత్రి పడుకోడానికి చోటు కావాలి కాబట్టి మొత్తం మళ్లీ లోపలికి తోసేస్తాం. రెండేసి గంటల చొప్పున నాలుగు విడతలు పెట్టుకోండి: ప్యాంట్లు, లెగ్గింగుల్లాంటివి ఒకసారి, పైన వేసుకునేవి ఒకసారి, చీరలు జాకెట్లు ఒకసారి, చివరగా బ్లేజర్లు, చున్నీలు, లోదుస్తులు. ప్యాంట్లతో మొదలుపెట్టడం మేలు. వాటి మీద మమకారం తక్కువ, నిర్ణయాలు త్వరగా తెగుతాయి, చేతికి అలవాటు వస్తుంది. చీరలతో మొదలుపెడితే మూడో చీర దగ్గరే జ్ఞాపకాల్లో పడిపోతాం.

పగటిపూట, కిటికీ దగ్గర చేయండి. ట్యూబులైటు కింద నేవీ బ్లూ, నలుపు ఒకేలా కనిపిస్తాయి, చంకల్లో పసుపు మరక అసలు కనబడదు. నిలువుటద్దం, టేపు, గుండుసూదులు, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఆఫీసుకు వేసుకునే లోదుస్తులే వేసుకుని కూర్చోండి. ఇంట్లో వేసుకునే పాత బ్రాతో జాకెట్టు కొలత చూస్తే అది మంచి జాకెట్టు గురించి తప్పుడు సాక్ష్యం చెబుతుంది.

ఇంకొక చిన్న పని. ఏ బట్టా ముట్టుకోకముందే, గత 10 పనిదినాల్లో ఏమేం వేసుకున్నారో కాగితం మీద రాయండి. గుర్తు రాకపోతే ఫోనులో ఫొటోలు చూడండి. ఆ కాగితంలో మళ్లీమళ్లీ కనబడే మూడు నాలుగు జతలే మీ అసలు అభిరుచి. వాటి పొడవు, మెడ, గుడ్డ, రంగు పక్కన రాసుకోండి. తరవాత కొనేటప్పుడు ఇంతకంటే మంచి సలహా ఎవరూ ఇవ్వలేరు.

ఎన్ని జతలు కావాలి

దీనికి ఊహలు అక్కర్లేదు, ఉతుకుల లెక్క చాలు. వారానికోసారి ఉతుకుతారు, ఇస్త్రీ అయి తిరిగి రావడానికి 3 రోజులు పడుతుంది అనుకుందాం. అంటే ఒక జత విడిచాక మళ్లీ చేతికి రావడానికి ఎక్కువలో ఎక్కువ 10 రోజులు. వారానికి 5 రోజుల ఆఫీసయితే ఆ 10 రోజుల్లో 8 పనిదినాల దాకా పడవచ్చు. కాబట్టి కనీసం 8 జతలు. ముసురు పట్టి ఆరకపోవడానికి, మరక పడడానికి, అనుకోని మీటింగుకు ఇంకో 3 కలపండి: 11. ఇంట్లోనే రెండు రోజులకోసారి ఉతికి, ఇస్త్రీ అక్కర్లేని గుడ్డలు వాడేవారికి 6 కూడా సరిపోతాయి. వారంలో రెండు రోజులే ఆఫీసుకు వెళ్లేవారికి 5 చాలు.

కింద వేసుకునేవి పైవాటిలో సగం ఉంటే చాలు, ఎందుకంటే మామూలు ప్యాంటును రెండు సార్లు వేసుకున్నాక ఉతకవచ్చు. చొక్కాను, కుర్తాను అలా వేసుకోలేం. ఒంటికి అతుక్కునే లెగ్గింగులకు ఈ మినహాయింపు లేదు.

వేసుకుని చూడడం

చేత్తో పట్టుకుని చూసి ఏ బట్టా ఉంచకండి. ప్రతిదీ ఒంటి మీదికి రావాలి. వేసుకున్నాక అద్దం ముందు నిలబడి చూసుకోవడంతో సరిపెట్టుకోకండి. ఆఫీసులో మనం నిలబడేది తక్కువ. కుర్చీలో కూర్చోండి, రెండు చేతులూ పైకెత్తండి, ముందుకు వంగి నేల మీది వస్తువు తీయండి, టైపు చేస్తున్నట్టు చేతులు ముందుకు చాపండి. కూర్చున్నప్పుడు కుర్తా పక్క కట్ నడుం పైకి ఎగబాకుతోందా, చొక్కా గుండీల మధ్య నోరు తెరుస్తోందా, వంగినప్పుడు ప్యాంటు వెనక జారుతోందా అన్నవి అప్పుడే బయటపడతాయి.

భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగాలి. దాటి కిందికి జారినా, మెడవైపు లాగినా చొక్కాలో పర్వాలేదు, బ్లేజరులో మాత్రం వదిలేయడమే మంచిది. బ్లేజరు భుజం మార్చాలంటే చేతులు, లైనింగు, లోపలి ప్యాడ్ అన్నీ విప్పాలి. అంత చేయించినా పాత తీరు రాదు. నడుం తగ్గించడం, పొడవు మడవడం, చేతులు కురచ చేయడం మాత్రం తేలికైన పనులు. గుండీల మధ్య నోరు తెరిచే చొక్కాకు ఆ రెండు గుండీల నడుమ లోపలివైపు ఒక టిచ్ బటన్ కుట్టిస్తే సరిపోతుంది. అయితే ఛాతీ దగ్గర గుడ్డ అడ్డంగా గీతలు పడి లాగుతుంటే టిచ్ బటన్ కాపాడలేదు, ఆ చొక్కా చిన్నదైపోయినట్టే.

గుడ్డ ప్రాణం ఎంత మిగిలిందో చూడడానికి వెలుతురు కావాలి. ప్యాంటును కిటికీకి ఎదురుగా పట్టుకుని తొడల మధ్య, కూర్చునే చోట చూడండి. మిగతా చోట్ల కంటే అక్కడ వెలుగు ఎక్కువగా దిగుతుంటే గుడ్డ అరిగింది, ఏ రోజైనా చిరుగుతుంది, అదీ ఆఫీసులోనే. లెగ్గింగును రెండు చేతులతో సాగదీసి చూస్తే సన్నటి తెల్ల రబ్బరు పోగులు పైకి తేలాయంటే సాగుడు దారం తెగిపోయింది. ఉతికితే తిరిగి రాదు. పట్టుచీరను మడతల వెంబడి వెలుగుకు పట్టండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్నది ఆ గీత దగ్గరే పిగులుతుంది. మడత దగ్గర మెల్లగా లాగినప్పుడు పోగులు విడిపోతున్నట్టు కనబడితే దాన్ని కట్టుకుని ఆఫీసుకు వెళ్లే ఆశ వదులుకోవచ్చు.

చీర అంచు అడుగున ముడతలు పడి పైకి లేస్తే చీరను తప్పుపట్టకండి. కాటన్ ఫాల్‌ను నానబెట్టకుండా కుట్టేస్తే మొదటి ఉతుకులో ఫాల్ కుదించుకుపోతుంది, చీర అంతగా కుదించుకోదు. ఫాల్ విప్పి, ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేసిన ఫాల్‌తో మళ్లీ కుట్టిస్తే అంచు నేలను సాపుగా తాకుతుంది. దీనికోసం చీరలు పక్కన పడేసేవారు తక్కువమంది కాదు.

జాకెట్టు దగ్గర కాస్త ఆగాలి

చీరలు మూలపడడానికి సగం కారణం జాకెట్లే. బిగుతైన ప్రతి జాకెట్టునూ తిరగేసి చూడండి. పక్క కుట్టు లోపల వదిలిన గుడ్డను టేపుతో కొలవండి. ఒక అంగుళం ఉందనుకుందాం. అందులో అర అంగుళం వదిలితే మొత్తం ఎంత పెరుగుతుంది? ప్రతి పక్కనా ముందు ముక్క అర అంగుళం, వెనక ముక్క అర అంగుళం. రెండు పక్కలా కలిపి 2 అంగుళాలు. చాలామందికి అదే ఎక్కువ. మిగతా అర అంగుళాన్ని ముట్టుకోకూడదు. చివరిదాకా వదిలేస్తే కుట్టుకు పట్టు ఉండక, చెయ్యెత్తగానే పిగులుతుంది.

విప్పించే ముందు నడుం దగ్గర ఒక అంగుళం మేర పాత కుట్టు మీరే విప్పి చూడండి. రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి రంగు: లోపలి గుడ్డ ముదురుగా, బయటిది వెలిసి ఉంటే, విప్పాక పక్కన నిలువు చార కనబడుతుంది. రెండోది సూది రంధ్రాలు. నేత కాటన్‌లో నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేస్తే చాలావరకు మూసుకుంటాయి, పట్టులోను శాటిన్‌లోను అలాగే ఉండిపోతాయి. రంధ్రాలు చంక కిందే ఉంటాయి కాబట్టి చాలామంది పట్టించుకోరు. చేతులు తక్కువున్న జాకెట్టయితే ఆలోచించుకోండి.

బిగుతు ఎక్కడుందో కూడా టైలరుకు చెప్పాలి. ఛాతీ సరిపోయి చెయ్యి పట్టేస్తుంటే పక్కలు వదిలితే ఏం లాభం లేదు, చంక గుండ్రం దగ్గరా చేతి కుట్టు లోపలా గుడ్డ ఉండాలి. అక్కడ గుడ్డ లేకపోతే చంకలో చిన్న అతుకు వేయించుకోవడం ఒక్కటే దారి. అర అంగుళం లోపు తేడాకు ఇవేవీ వద్దు, హుక్కుల పట్టీ జరిపి కుట్టించుకుంటే చాలు.

ఇన్ని చేసినా బాగుపడని జాకెట్లు ఉంటాయి. వాటి చీరల కోసం ఒక్కోదానికి విడిగా కొత్త జాకెట్టు కుట్టించుకునే బదులు నలుపు, మీగడ రంగు, మెరూన్, ముదురు బంగారు రంగు, ఇలా నాలుగు మంచి జాకెట్లు కుట్టించుకుంటే చాలా చీరలు మళ్లీ బతుకుతాయి. లంగాలదీ అదే దారి: నలుపు, మీగడ రంగు, మెరూన్, నేవీ ఉంటే చాలావరకు గడిచిపోతుంది. ఒళ్లు కనబడే పల్చటి చీరలకు మాత్రం అదే రంగు లంగా వెతుక్కోవాలి. జారిపోయే చీరల కింద శాటిన్ లంగా వేస్తే కుచ్చిళ్లు నిలవవు, కాటన్ లంగాకు పట్టు ఉంటుంది.

ఐదు కుప్పలు

వాడేవి. బాగుచేయించాల్సినవి. ఇచ్చేసేవి. పారేసేవి. ఎటూ తేలనివి. కుప్పలు ఇంతకంటే పెంచకండి.

బాగుచేయించాల్సినవాటిని గుమ్మం దగ్గర సంచిలో పెట్టి, ఒక్కోదానికి గుండుసూదితో చీటీ గుచ్చండి: "పొడవు 2 అంగుళాలు తగ్గించాలి", "రెండో హుక్కు". ఏం చేయాలో రాయని బట్ట టైలరు దగ్గరికి వెళ్లదు, వెళ్లినా చేయకుండానే తిరిగొస్తుంది. 15 రోజుల్లో ఆ సంచి ఇల్లు దాటకపోతే అవి మీకు అక్కర్లేదని అర్థం, ఇచ్చేసే కుప్పలోకి మార్చండి.

ఎటూ తేలనివాటిని పెట్టెలో పెట్టి మూసేసి, పైన తారీఖు రాయండి. 90 రోజుల్లో ఏదైనా కావాల్సి వచ్చి తెరిస్తే ఆ ఒక్కటి వెనక్కి తెచ్చుకోండి. మిగతావి వెళ్లిపోవాలి. "సన్నబడ్డాక వేసుకుంటా" అని దాచినవి కూడా ఇక్కడికే. అందులోంచి రెండు మహా ఇష్టమైనవి ఉంచుకుంటే తప్పులేదు, పన్నెండు ఉంచుకుంటే రోజూ బీరువా తెరిచినప్పుడల్లా మనల్ని మనం దెప్పుకోవడమే.

అమ్మ కట్టిన చీర, మొదటి జీతంతో కొన్నది లాంటివి ఈ లెక్కలోకి రావు. వాటిని ఆఫీసు బట్టల మధ్య నుంచి తీసి వేరే అరలో పెట్టండి. ఆ పని చేయకపోతే ప్రతి విడతలోనూ అవి చేతికి అడ్డొచ్చి పని ఆపుతాయి.

ఇచ్చేవి ఉతికి, జేబులు చూసి, చీరతో పాటు జాకెట్టూ లంగా కూడా కలిపి ఇవ్వండి. చిరిగిన కాటన్‌ను చదరాలుగా కత్తిరిస్తే తుడుపు గుడ్డలవుతాయి. పాలిస్టర్ నీళ్లు పీల్చుకోదు, దాంతో ఆ ప్రయత్నం వద్దు.

పారేయకముందు ఒక్కసారి

తెల్ల చొక్కా చంకల్లో పసుపు మరక చెమట ఒక్కదాని వల్లే రాదు. చెమటను ఆపే రోల్-ఆన్‌లలో ఉండే అల్యూమినియం లవణాలు చెమటతో కలిసి గుడ్డకు పట్టేస్తాయి. దాని మీద క్లోరిన్ బ్లీచ్ పోస్తే మరక ఇంకా పసుపెక్కుతుంది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వంట సోడా కలిపి ముద్దలా చేసి, మరక మీద పూసి, అరగంట ఆగి మామూలుగా ఉతకండి. తెల్ల కాటన్‌కు మాత్రమే ఇది. రంగు బట్టలకు వద్దు, పట్టుకూ ఉన్నికీ అసలే వద్దు. మరక పోకముందు ఇస్త్రీ చేయకండి, వేడికి అది ఇంకా గట్టిపడుతుంది.

అల్లిక బట్టల మీద లేచే చిన్న చిన్న ఉండలను తీసే బ్యాటరీ మిషన్ ఉంటుంది. బట్టను బల్ల మీద సాపుగా పరిచి, నొక్కకుండా తిప్పండి. నొక్కితే రంధ్రం పడుతుంది. పాలిస్టర్ కలిసిన గుడ్డలో ఉండలు రాలిపోకుండా పట్టుకుని ఉంటాయి, అందుకే కొన్ని కుర్తాలు నెల తిరక్కుండానే పాతవాటిలా కనిపిస్తాయి.

కొత్తవి కొనడం

ఇప్పుడు కాగితం మీద జతలు రాయండి. 11 కావాలి, 7 ఉన్నాయి అనుకుందాం. వెంటనే నాలుగు కొత్త జతలు కొనేయకండి. జోడు లేక ఆగిపోయినవి ఏవో చూడండి. ఒక నల్ల ప్యాంటు కొంటే మూడు కుర్తాలు జతలవుతాయేమో. అలా ఒక్క ముక్కతో ఎక్కువ జతలు పూర్తిచేసేవి జాబితాలో పైన రాయండి. ఇంట్లో ఉన్నవాటిలో కనీసం మూడింటితో కలవని బట్ట ఎంత అందంగా ఉన్నా, దానికోసం మళ్లీ ఇంకేవో కొనాల్సి వస్తుంది.

జాబితాలో ప్యాంటు ఉంటే దాని మీదికి రావాల్సిన కుర్తాను వెంట తీసుకెళ్లండి. ఫోనులో ఫొటో రంగును నమ్మకండి. నలుపు నలుపుతో కలుస్తుందనుకోవడం పొరపాటు, ఒకటి ఎర్రజాడ కొడుతుంది, ఒకటి నీలం కొడుతుంది. బ్లేజరు, ప్యాంటు సెట్టుగా కొంటే రెండింటినీ ఎప్పుడూ కలిపే డ్రైక్లీనింగుకు ఇవ్వండి. ప్యాంటునే నాలుగుసార్లు ఇస్తే అది వెలిసి, పైది కొత్తగా ఉండిపోతుంది.

షాపులో గుడ్డ కొసను పిడికిట్లో 10 సెకన్లు నలిపి వదలండి. ముడతలు అలాగే నిలిచిపోతే రోజూ కుర్చీలో కూర్చునేవారికి అది పనికిరాదు. తిరగేసి కుట్ల లోపల గుడ్డ ఎంత వదిలారో చూడండి. అరచెయ్యి లోపల పెట్టి వెలుగుకు పట్టుకుంటే వేళ్లు కనబడుతున్నాయంటే స్లిప్పు కూడా జాబితాలోకి చేరినట్టే. కొలత విషయంలో అన్నిటికంటే వెడల్పైన చోటుకు సరిపోయేది తీసుకోండి: ప్యాంటయితే తుంటికి, బ్లేజరయితే భుజానికి. మిగతా చోట తగ్గించుకోవచ్చు, లేని గుడ్డను పెంచలేం. కొత్త బ్లేజరు వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా తెల్లదారం ఉంటే అది ప్యాకింగు కుట్టు, విప్పేయాలి. చేతి మీద కుట్టిన కంపెనీ చీటీ కూడా.

తిరిగి పెట్టడం

బ్లేజరుకు భుజం దగ్గర మందంగా ఉన్న హ్యాంగరు కావాలి, దాని చివర భుజం కుట్టు దగ్గరే ఆగాలి. సన్నటి తీగ హ్యాంగరయితే భుజం కింద బొడిపె లేస్తుంది. అల్లిన స్వెటర్లు, సాగే గుడ్డలు వేలాడదీస్తే పొడుగు సాగుతాయి, మడిచి పెట్టాలి. డ్రైక్లీనింగు నుంచి వచ్చిన ప్లాస్టిక్ కవరు ఆ రోజే తీసేసి, వాసన పోయేదాకా గాలికి వేలాడదీయండి.

కుర్తా, ప్యాంటు, చున్నీ ఒకే హ్యాంగరుకు తగిలించండి. చీరలకు మాత్రం జాకెట్టును మడతల్లో దోపకండి. హుక్కు పట్టు పోగులను లాగుతుంది, తేమకు తుప్పు మరక చేస్తుంది. జాకెట్టును, లంగాను ఒక చిన్న కాటన్ సంచిలో వేసి, చీర పక్కన పెట్టండి. పైటకు పెట్టిన పిన్నీసులు తీశారో లేదో చూసుకోండి. పట్టుచీరలను జరీ లోపలికి వచ్చేలా మడిచి, ఉతికిన పాత కాటన్ గుడ్డలో చుట్టండి. మూడు నెలలకోసారి మడత మార్చండి. జరీ మీద సెంటు కొట్టకండి, నల్లబడుతుంది. గంజి పెట్టినవాటిని చాలాకాలం దాచేముందు గంజి పోయేలా ఉతికి దాచాలి, గంజి కోసమే వెండిచేపల్లాంటి పురుగులు వస్తాయి. కలరా ఉండలు వాడితే గుడ్డలో మూటకట్టి మూలన పెట్టండి, జరీకి తగలనివ్వకండి. వాటి పక్కనే కర్పూరం పెట్టవద్దు, రెండూ కలిస్తే కరిగి మరక చేస్తాయి. పసిపిల్లలకు చుట్టే బట్టలున్న అరలో కలరా ఉండలే పెట్టకూడదు, కొందరు పిల్లలకు వాటివల్ల రక్తకణాలు దెబ్బతింటాయి.

చివరగా, వేలాడదీసిన హ్యాంగర్లన్నిటి కొక్కేలు వెనక్కి తిప్పి పెట్టండి. ఒక జత వేసుకుని, ఉతికి తిరిగి పెట్టేటప్పుడు మామూలు వైపుకు తిప్పండి. మూడు నెలల తరవాత పట్టుచీరల మడతలు మార్చే రోజున ఇంకా వెనక్కే తిరిగి ఉన్న కొక్కేలను చూడండి. వాటికి ఏ ముక్క తక్కువైందో ముందు వెతకండి. ఏదీ తక్కువ లేకుండానే అలా ఉండిపోయినవి తారీఖు రాసిన పెట్టెలోకి.